ఐదు గంటల గ్లాసు ఎవరి డ్యూటీ?

డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,



బందరు, పామర్రు, ఉయ్యూరు వైపు నుంచి బందరు రోడ్డు మీదుగా, ఏలూరు, గుంటూరు వైపుల నుంచి హైవే మీదుగా వచ్చే రోగులు చేరేది విజయవాడ బెంజ్ సర్కిల్‌కే. మలంలో రక్తం పడుతోందనో, ఒళ్లు పాలిపోయిందనో ఇక్కడి ఏ ఆసుపత్రిలో అడ్మిట్ అయినా కేస్ షీట్‌లో ఒక మాట పడుతుంది: 'రేపు కొలనోస్కోపీ, ప్రిపరేషన్ ఇవ్వాలి.' అంటే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, దానికి ముందు పేగును కడిగే మందు. ఆ మాట రాసిన వేళకూ, మర్నాడు పరీక్ష మొదలయ్యే వేళకూ మధ్య గడిచే గంటల గురించే ఈ ఉత్తరం. నేను వార్డుల్లో పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సుని. ఆ గంటలకు బాధ్యులెవరూ లేరన్నదే నా ఫిర్యాదు.

ఇంటి నుంచి వచ్చి పరీక్ష చేయించుకునేవాళ్ల కంటే అడ్మిట్ అయినవాళ్లకే పేగు సరిగా శుభ్రపడదు. ఇది మన ఊరి సంగతే కాదు, ఎన్నో దేశాల్లో తేలిన విషయం. ఇంట్లో ఉన్న మనిషి అటూ ఇటూ తిరుగుతాడు, బాత్రూమ్ తన సొంతం. వార్డులో ఉన్నది పెద్ద వయసువాళ్లు, మంచం దిగలేనివాళ్లు, ఏళ్లుగా సుగర్ ఉన్నవాళ్లు. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పేగు కదలికను ఇంకా మందగింపజేస్తాయి. బాత్రూమ్ ముందు వరస చూసి మందు తాగడమే మానేసే ఆడవాళ్లుంటారు. సాయంత్రం డ్యూటీ వాళ్లు పొడి కలిపి బాటిల్ బల్ల మీద పెడతారు. రాత్రి డ్యూటీ వాళ్లు 'ఇచ్చేశారట' అంటారు. పొద్దుటి వాళ్లు 'తాగేశాడట' అంటారు. నిజంగా ఎన్ని గ్లాసులు లోపలికి వెళ్లాయో పక్కనున్న అటెండెంటుకే తెలియాలి.

మర్నాడు డాక్టరు గారు చూస్తే, కొత్తనీరొచ్చిన కాలవలో అడుగు కనపడనట్టే, పేగు గోడ కనపడదు. పరీక్ష ఆపేస్తే మళ్లీ మందు, మళ్లీ పస్తు, ఇంకో రోజు బెడ్ చార్జీ. ఆపకుండా కానిచ్చేస్తే అంతకంటే ప్రమాదం. కుడివైపు పెద్దపేగులో గోడకు అంటుకుపోయినట్టుండే పాలిప్‌లనే బుడిపెలు ఆ మురికి కింద దాక్కుంటాయి. రోగి 'అంతా బాగానే ఉంది' అన్న కాగితం పట్టుకుని ఊరెళ్లిపోతాడు.

మందులో లోపం లేదు. పాలీఇథిలిన్ గ్లైకాల్, లవణాలు కలిసిన ఈ ద్రావణాన్ని అమెరికాలో ఫోర్డ్‌ట్రాన్ బృందం 1980లో రూపొందించింది. అది ఒంటికి పట్టదు. నీటిని పేగులోనే పట్టి ఉంచి కడిగేస్తుంది, ఒంట్లో లవణాలు పెద్దగా తారుమారు కావు. కాకపోతే దానికి వేళ ముఖ్యం. అంతా సాయంత్రమే తాగిస్తే, రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పసుపుపచ్చటి జిగురు తెల్లారేసరికి కుడివైపు పెద్దపేగును కప్పేస్తుంది. అందుకే సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టి, 2 గంటల ముందుకల్లా ముగించాలని అమెరికా వైద్య సంఘాలు పదేళ్లకు పైగా చెబుతున్నాయి. అంటే 10 గంటల పరీక్షకు తెల్లవారుజామున 5 గంటలకు గ్లాసు పట్టించాలి. నేను చూసిన వార్డుల్లో ఆ పని ఎవరిదీ కాదు. పైగా 'అర్ధరాత్రి దాటితే నోట్లో చుక్క పడకూడదు' అన్న పాత ఆదేశం దానికి అడ్డం. మామూలుగా మత్తుకు 2 గంటల ముందు వరకూ తేటనీళ్లు ఇవ్వొచ్చని మత్తు డాక్టర్లే అంటున్నారు.

ఇక తిండి సంగతి. 'లిక్విడ్సే ఇవ్వండి' అంటే మనవాళ్లు ప్రేమగా మజ్జిగ తెస్తారు, ఎండాకాలమైతే సబ్జా గింజల షర్బత్ తెస్తారు. ఆ గింజలు పరీక్ష గొట్టంలో ఇరుక్కుంటాయి. ఎర్ర రంగు డ్రింకులు లోపల రక్తంలా కనిపిస్తాయి. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, వడకట్టిన తేట ద్రవాలు చాలని తెలుగులో రాసిచ్చేవాళ్లు లేరు.

ఇంకొక హెచ్చరిక. తాగడానికి తేలికని ఇచ్చే ఫాస్ఫేట్ మందులు కిడ్నీలను దెబ్బతీయగలవని అమెరికా ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న ఎ.కొండూరు తండాలు మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్నాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఆ సీసా ఇక్కడ ఎవరికీ ఇవ్వకూడదు.

సిలబస్ ఢిల్లీ సంస్థల చేతిలో ఉంటుందని తెలుసు. అయినా మీ అనుబంధ నర్సింగ్, మెడికల్ కాలేజీలకు మీ సర్క్యులర్ శాసనమే. కాబట్టి నాలుగు కోరికలు.

1. ప్రిపరేషన్ ఆర్డరులో మందు పేరుతో పాటు రెండు మోతాదుల గడియారం వేళలూ రాయడం హౌస్ సర్జన్లకు నేర్పించండి. సుగర్ మందులు, ఐరన్ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు ఏం చేయాలో, పేగు అడ్డుపడిందన్న అనుమానం ఉందో లేదో అప్పుడే తేల్చాలి.

2. ప్రతి షిఫ్టులో ఒక నర్సు పేరుతో ఒక చీటీ ఉండాలి: ఎన్ని గ్లాసులు తాగారు, చివరి విరేచనం ఎలా ఉంది. 'అయ్యిందా?' అని గుమ్మంలోంచి అడగడం కాదు, వెళ్లి చూడాలి. అడుగు కనిపించేంత తేటగా, లేత పసుపు నీళ్లలా లేకపోతే 6 గంటలకే డాక్టరుకు ఫోన్ చేయాలి.

3. రోగికీ అటెండెంటుకీ బొమ్మలతో ఒక పేజీ తెలుగు కాగితం మీరే తయారుచేయించి అన్ని ఆసుపత్రులకూ పంపండి.

4. ప్రతి రిపోర్టులో బోస్టన్ స్కోరు రాయించండి. పేగును మూడు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. యూరప్‌లో 90 శాతం పరీక్షల్లోనైనా పేగు సరిగా శుభ్రపడి ఉండాలన్నది కనీస ప్రమాణం. మనం ఎక్కడున్నామో ముందు లెక్క తేలనివ్వండి.

నైట్ డ్యూటీలో ఒక్క నర్సు మీద ఎంతమంది రోగులుంటారో నాకు తెలుసు. అందుకే ఈ పనిని అందరి నెత్తినా వదిలేయకుండా ఒకరి పేరున రాయమంటున్నాను. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. వచ్చే ప్రాక్టికల్ పరీక్షల్లో 'ప్రిపరేషన్ ఇచ్చాం సార్' అన్న అమ్మాయిని 'చివరి విరేచనం నువ్వు చూశావా?' అని అడగమని మీ ఎగ్జామినర్లకు చెప్పండి. చూడలేదంటే మార్కులు తీసేయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
బెంజ్ సర్కిల్, విజయవాడ