ప్రకృతియు వృత్తియు

పదవ తరగతి పరీక్షాఫలములు వెలువడినతోడనే విజయవాడలో ఇంటింటను ఒకటే విచారము. బిడ్డను ఇంజనీరింగునకు పంపుదమా, వైద్యవిద్యకు పంపుదమా యని తల్లిదండ్రులు తర్కించుకొనుచుందురు. ఈ వ్యాజ్యమున ఆయుర్వేదమును సాక్షిగా పిలుచువారును నేడు బయలుదేరినారు. వాతప్రకృతి వాడు కళలకును, పిత్తప్రకృతి వాడు అధికారమునకును, కఫప్రకృతి వాడు గుమాస్తాగిరికిని తగునని వీరి మాట. సాక్షి యేమి చెప్పుచున్నాడో వినక తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఆయుర్వేదము మన సొత్తు. దానిని తృణీకరించువారితో మేము ఏకీభవింపము. వైద్యుడు రోగియందు పరీక్షింపవలసిన పది విషయములలో ప్రకృతినే చరకసంహిత మొదట పేర్కొన్నది. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఇతరులతో కలిసి 3,416 మందిని పరిశీలించి, ప్రకృతి స్పష్టముగా తేలిన 262 మంది పురుషుల జన్యువులను పోల్చి, మూడు ప్రకృతుల నడుమ భేదములు కనుగొంటిమని 2015లో ప్రకటించిరి. 2024లో కేంద్ర ఆయుష్ శాఖ నడపిన ప్రకృతి పరీక్షోద్యమమున కోటికి పైగా జనులు పాల్గొనిరి. సంతోషమే. కాని యెవనికి ఏ యుద్యోగము తగునో ఆ జన్యుపరిశోధన విచారింపలేదు.

శాస్త్రము చెప్పునది వేరు. ఒక దోషము ప్రబలముగా నున్నవానికి దానికి విరుద్ధమైన గుణములు గల నడవడియే ఆరోగ్యకరమని చరకుని మతము. కావున పిత్తవంతుని ఉద్రేకము పెంచు వృత్తిలోనికే త్రోయుట శాస్త్రమునకు ఎదురు నడచుటయే.

ఇంతకంటె పెద్ద ప్రమాద మొకటి కలదు. ప్రకృతి గర్భమునందే యేర్పడునని మన వైద్యగ్రంథముల సిద్ధాంతము. వృత్తి ప్రకృతిని బట్టియే యన్నచో, శిశువు కన్ను తెరువకమున్నే వాని బ్రతుకు నిర్ణయమైనదన్నమాట! పుట్టుకకును వృత్తికిని ముడివేసి ఈ దేశము శతాబ్దులు పడిన పాట్లు చాలవా? తెగుచున్న సంకెళ్లకు వైద్యుని ముద్ర వేసి మరల తొడుగుదుమా? వానకాలమున మన డెల్టాలో మోకాలిబంటి బురదలో నాట్లు వేయు స్త్రీలలో మూడు ప్రకృతుల వారును ఉందురు. వారిని ఆ పొలమునకు దింపినది పిత్తమును కాదు, కఫమును కాదు, లేమి.

మరి ప్రకృతిజ్ఞానము నిష్ప్రయోజనమా? కాదు. అది వృత్తి నెన్నుకొనుటకు గాక, ఎన్నుకొన్న వృత్తిలో ఆరోగ్యముగా నుండుటకు సాధనము. రేయింబవళ్లు చదువు వాతప్రకృతి విద్యార్థికి వేళకు భోజనము, నిద్ర కావలయును. కుర్చీ విడువని కఫప్రకృతి గుమాస్తాకు వ్యాయామము కావలయును. రోహిణికార్తె యెండలో తిరుగు పిత్తవంతునికి నీడయు మజ్జిగయు కావలయును. మన నగరమందలి నోరి రామశాస్త్రి ప్రభుత్వాయుర్వేద కళాశాల వైద్యులు వసతిగృహముల విద్యార్థులకు ఇట్టి హితవు చెప్పినచో అది గొప్ప సేవ యగును.

తల్లిదండ్రులారా! బిడ్డ నాడిని వైద్యునికి చూపుడు. వృత్తిమాట మాత్రము బిడ్డనే యడుగుడు.