వర్చువల్ మెషీన్ మీద పడ్డ నింద

కారు డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్ మెషీన్‌లో నడుపుతానంటే చాలు, అనుభవజ్ఞులంతా ఒకే పాట అందుకుంటారు: "వద్దు బాబూ, కారు కంట్రోల్ యూనిట్ (ఈసీయూ) పోతుంది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కో." ఇందులో నిజం పిసరంత, భయం బారెడు.

వాళ్ల వాదనంతా టైమింగ్ మీద. కారుతో మాటామంతీ మిల్లీసెకన్ల లెక్కలో సాగుతుంది, నడుమ ఇంకో పొర చేరితే ఆలస్యమవుతుందంటారు. సరే, ఆ లెక్క చూసేదెవరు? నేటి కార్లలో డయాగ్నస్టిక్స్ జరిగే క్యాన్ బస్ సాధారణంగా సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో నడుస్తుంది. దాన్ని అందుకునేది అడాప్టర్‌లోని చిప్పు, కంప్యూటర్ కాదు. ఈఎల్‌ఎం327 అయినా, జే2534 పరికరమైనా ప్రోటోకాల్ చాకిరీ తామే చేసి, జవాబును యూఎస్‌బీలో పైకి పంపుతాయి. అక్కడ కాస్త ఆలస్యమైతే తెర మీద ఆర్‌పీఎం అంకె కాస్త వెనకబడుతుంది, అంతే. (నకిలీ ఈఎల్‌ఎం327ల గోల వేరు. అవి ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఏడిపిస్తాయి.)

ఆ పిసరంత నిజం పాత కార్లలోని కే-లైన్ అనే డయాగ్నస్టిక్ తీగ దగ్గరుంది. చవక కేకేఎల్ కేబుల్‌కు సొంత తెలివి లేదు, వోల్టేజీ మార్చి పంపడమే దాని పని. 5 బాడ్ వేగంతో చిరునామా పంపి పలకరించాక, ఈసీయూ ఇచ్చిన రెండో కీ బైటును తిరగేసి 25 నుంచి 50 మిల్లీసెకన్ల మధ్యలో తిరిగి పంపాలి. ఇక్కడ లెక్క చూడాల్సింది కంప్యూటరే. వర్చువల్ మెషీన్‌లో ఆ గడువు తప్పే వీలుంది. తప్పితే కనెక్షన్ కుదరదు, మళ్లీ మొదలుపెట్టాలి. ఈసీయూకి గీత కూడా పడదు. పైగా కేబుల్‌లో ఎఫ్‌టీడీఐ చిప్పు ఉంటే దాని డ్రైవర్‌లో లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది. దాన్ని తగ్గించకుండా వర్చువల్ మెషీన్‌ను తిట్టడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

ఇక ఆ పాత లాప్‌టాప్ సంగతి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఎవరో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను అందులో ఎక్కించి, అదే మెషీన్‌ను వైఫైకి కలిపేవాళ్లు భద్రత గురించి మనకు పాఠాలు చెబుతున్నారు! వర్చువల్ మెషీన్‌లోనైతే నెట్‌వర్క్ తీసేయొచ్చు, డ్రైవర్ చెడితే నిన్నటి స్నాప్‌షాట్‌కు పోవచ్చు. అన్నిటికీ ఇది పనికొస్తుందని మాత్రం అనను: ఎం-సిరీస్ మాక్‌లలో నడిచేది ఆర్మ్ విండోస్, పాత కేబుల్ డ్రైవర్లు అందులో ఎక్కవు.

ఈసీయూ నిజంగా పోయేది ఫ్లాషింగ్‌లో, అంటే దానిలోకి కొత్త సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు, ఆ రాత మధ్యలో తెగితే. బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా, కేబుల్ కదిలినా, కంప్యూటర్ నిద్రలోకి జారినా అది తెగుతుంది. ఇవి ఏ మెషీన్‌లోనైనా జరిగేవే. పొర ఒకటి తగ్గితే మంచిదే కాబట్టి ఫ్లాషింగ్ నేరుగా అసలు మెషీన్ మీదే చేయండి, దానికి నాకు అభ్యంతరం లేదు. ఆ భయాన్ని తెచ్చి ఫాల్ట్ కోడ్‌లు చదవడానికి అంటగట్టడమే తప్పు. ఫ్లాష్ చేయాల్సి వస్తే ముందు కారు బ్యాటరీకి చార్జర్ తగిలించండి, కంప్యూటర్ స్లీప్ ఆపండి. ఏ కంప్యూటరన్నది ఆ తర్వాతి ప్రశ్న.