బానెట్ ఎత్తిన హీరో

పోయిన వారం వచ్చిన ఉత్తరాల్లో ఓ కాలేజీ కుర్రాడి ప్రశ్న నన్ను పట్టుకుని వొదల్లేదు. "సార్! హీరోయిన్ కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. హీరో వస్తాడు. బానెట్ ఎత్తుతాడు. లోపల ఏదో వైరు అలా లాగి ఇలా పెడతాడు. కారు స్టార్టయిపోతుంది! ఇంతకీ ఆ వైరు ఏది సార్?"

బాబూ! ఆ వైరు కోసం నేనూ నెల రోజులు వెతికాను. దొరికింది. దాంతోపాటు అరచేతిలో బొబ్బ కూడా దొరికింది. ఆ కథే ఈ వారం.

ఆ సీను మనకి కొత్తది కాదు లెండి. 1958లో వచ్చిన హిందీ చిత్రం 'చల్తీ కా నామ్ గాడీ' చూశారా? అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్ తెర మీదా అన్నదమ్ములే, తెర బయటా అన్నదమ్ములే. ముగ్గురికీ కలిసి ఓ గారేజీ. వాన రాత్రి మధుబాల కారు చెడిపోయి అక్కడికి వస్తుంది. కిశోర్ పాటలు పాడుకుంటూనే దాన్ని బాగుచేసి పంపించేస్తాడు. మరమ్మతు కూలి అయిదు రూపాయల పన్నెండణాలు అడగడం మాత్రం మర్చిపోతాడు! నాకైతే మధుబాల రాలేదు సరికదా, అయిన ఖర్చు ఇంట్లో చెప్పుకునేలా కూడా లేదు.

మా ఇంట్లో వున్నది 1984 మోడల్ అంబాసిడర్. మా నాన్నగారు తెనాలిలో ఓ సినిమా హాల్లో ఆపరేటరుగా చేసేవారు. కారేమో ఆ హాలు యజమానిది. కొత్త సినిమా వస్తోందంటే విజయవాడ గాంధీనగర్ నించి రీళ్ళ పెట్టెలు ఆ కారు డిక్కీలోనే వచ్చేవి. సెలవు రోజైతే నన్నూ తీసుకెళ్ళేవారు. వెనక సీట్లో ఓ పెట్టె మీద చెయ్యేసుకుని కూర్చుంటే, సినిమా మొత్తం నా చేతి కిందే వున్నంత గర్వంగా వుండేది. హాలు మూతబడ్డాక నాన్నగారు ఆ కారుని తనే కొనుక్కున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మోకాళ్ళ నొప్పులొచ్చి ఆయన డ్రైవింగ్ మానేశాక బండి ఆరేళ్ళు షెడ్డులో పడుకుంది. మొన్న రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి అయిదేళ్ళకోసారి రెన్యూ చేయించాలి కదా. అందుకు బండిని రవాణా శాఖ వారి ముందు నిలబెట్టాలి. నిలబెట్టాలంటే ముందు అది కదలాలి! ఈలోగా పాత ఇనుము కొనే ఆయన వచ్చి టైర్లని కాలితో తన్ని, కిలోల లెక్కన ధర చెప్పాడు. నేను నాన్నగారి వంక చూశాను. "నీ ఇష్టంరా" అన్నారు. ఆ సాయంత్రం మామూలుగానే కర్ర ఆనించుకుని వెళ్ళి, పాత పంచె ముక్కతో అద్దాలు తుడిచి వచ్చారు.

దాంతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేనే బాగుచేస్తాను" అన్నాను. అమ్మ మాత్రం, "ఇల్లు తగలెట్టకుండా చెయ్యి నాయనా" అంది. అమ్మల నోట ఇలాంటివి ఊరికే రావండీ!

సినిమాలు చూసి పెరిగిన బుద్ధి కనక ముందు మేకప్ మొదలెట్టాను. బానెట్ కింద నలభై ఏళ్ళ జిడ్డు కడిగాను. అడ్డొచ్చిన బోల్టులూ పట్టీలూ విప్పి, ఇంజనుకి నల్ల రంగు, చుట్టూ రేకుకి మీగడ రంగు, రెండేసి పూతలు పూశాను. విప్పినవి విప్పినట్టే మళ్ళీ బిగించాను. ఫోటోలు తీసి బంధువులకి పంపాను కూడా.

తర్వాత వైర్లు. ఆరేళ్ళలో ఎలుకలు ఆ కారులో సంసారాలు చేసి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసినట్టున్నాయి. ఎక్కడ చూసినా కొరికిన తీగలే! ఈ తరహా బళ్ళలో వైర్లకి రంగుల లెక్క వుంటుంది. గోధుమ రంగుది బ్యాటరీ నించి తిన్నగా వచ్చేది. ఆకుపచ్చవి తాళం తిప్పాక ఫ్యూజు మీదుగా వచ్చేవి. నీలం హెడ్‌లైట్లకి, నలుపు ఎర్తుకి. పుస్తకంలో అలా వుంది. మా కారులో మాత్రం అన్నీ కలిసి నశ్యం రంగుకి వచ్చేశాయి. మూడు రోజులు టేపు చుట్టి, చుట్టి, ధైర్యం చేసి ఎడమ ఇండికేటర్ వేశాను. వెనకనించి పక్కింటి కుర్రాడు, "అంకుల్! బ్రేకు లైటు కన్ను కొడుతోంది!" అని కేక పెట్టాడు.

అదలా వుంచండి. ఆ రాత్రి రెండింటికి కారు దానంతటదే హారన్ మోగించడం మొదలెట్టింది. వీధి వీధంతా లేచింది. ఎదురింటాయన దొంగలనుకుని కర్ర పట్టుకొచ్చి, నన్ను చూసి, దొంగే నయమన్నట్టు వెళ్ళిపోయాడు. కారణం తెల్లారాక తెలిసింది. మన ఇళ్ళలో బల్బుకి రెండు తీగలు వెళతాయి. కారులో ఒక్క తీగే వెళుతుంది. రెండో తీగ పని కారు బాడీయే చేస్తుంది. దాన్నే ఎర్త్ అంటారు. మా బండి హారన్‌కి కరెంటు ఎప్పుడూ అందుతూనే వుంటుంది. మనం మీట నొక్కితే దాని రెండో కొస బాడీకి తగిలి మోగుతుంది. ఎలుక కొరికిన చోట ఆ తీగ తనే వెళ్ళి రేకుకి తగిలింది. ఇంకేముంది, మీట నొక్కకుండానే కచేరీ!

ఇన్ని తిప్పలూ పడ్డాక తాళం తిప్పితే, సెల్ఫ్ మోటారు "క్ర్‌ర్..." అని మూలిగి వూరుకుంది. కొత్త బ్యాటరీ కొన్నాను. అదే మూలుగు. మోటారు విప్పించి బ్రష్షులు మార్పించాను. అదే మూలుగు. లావు కేబుల్ మార్చాను. ఊహూఁ! శుక్రవారం బండి చూపించాల్సిన రోజు. బుధవారం సాయంత్రానికీ అది మూలుగుతూనే వుంది.

పంతం పట్టి తాళం తిప్పి అలాగే పట్టుకున్నాను. పది సెకన్లు... పదిహేను... ఏదో కాలిన వాసన. ఇంజను పట్టుకోవడం లేదేమోనని చోక్ లాగబోయాను. అంతే! అరచెయ్యి పెనం మీద పెట్టినట్టయింది. డాష్‌బోర్డు కిందనించి పొగ. చోక్ కేబుల్ ఎర్రగా కాగి, పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ కేబుల్ రెండో కొస వుండేదెక్కడో తెలుసా? కార్బురేటర్ దగ్గర. అంటే పెట్రోలు దగ్గర!

"తాళం వొదిలెయ్‌రా!"

నాన్నగారి గొంతు అంత గట్టిగా విని ఎన్నేళ్ళయిందో. వొదిలేశాను. అమ్మ బకెట్‌తో నీళ్ళు తెచ్చింది. "నీళ్ళొద్దు, ఇసక!" అన్నారాయన. ఇసక అవసరం రాలేదు. పొగ దానంతటదే తగ్గింది. నా కాళ్ళ వొణుకు మాత్రం చాలాసేపు తగ్గలేదు. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

తిడతారనుకున్నాను. "చెయ్యి చూపించు" అన్నారు. కుళాయి కింద పెట్టించి, తను కుర్చీలో కూలబడి, కాసేపు బండి వంకే చూశారు. తర్వాత అడిగారు.

"చోక్ కేబుల్‌కి కరెంటుతో పనేమిట్రా?"

"ఏం లేదు నాన్నగారూ. అది ఉత్త ఇనప తీగ."

"మరి ఎందుకు కాలింది?"

నాకు నోట మాట రాలేదు. ఆయనే చెప్పారు. హెడ్‌లైటుకయ్యే కరెంటు నాలుగు ఆంపియర్లు, చిల్లర ఖర్చు. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద దాటుతుంది. అంత కరెంటూ ఇంజనులోకి వెళ్ళి, మళ్ళీ బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. అందుకని ఇంజనుకీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి వుంటుంది. ఆ దారి మూసుకుపోతే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజనునీ బాడీనీ కలిపే ఇనప తీగ ఏది దొరికితే అది. మా ఇంట్లో చోక్ కేబుల్ దొరికింది.

"హాల్లో ఓసారి స్పీకర్లో ఒకటే బుయ్యిమని రొద. యజమాని యాంప్లిఫయరే మార్చేద్దామన్నాడు. ఎర్త్ క్లాంపు కింద తుప్పు గీకితే పోయింది. నీ రాగి జడ ఏదిరా?"

"వుంది నాన్నగారూ! నేనే విప్పి నేనే బిగించాను!" అని గర్వంగా టార్చి వేసి చూపించాను. ఇంజను మీద ఓ బోల్టు, బాడీ మీద ఓ బోల్టు, మధ్యలో జడ. చక్కగా బిగిసి వుంది.

"రంగు వేశాక బిగించావా, ముందా?"

అప్పుడు వెలిగిందండీ నాకు! రంగులోంచి కరెంటు పోదు. రెండు పూతల నల్ల రంగు మీద ఒక కొస, రెండు పూతల మీగడ రంగు మీద రెండో కొస. చూడ్డానికి అన్నీ వున్నాయి, లోపల సంబంధం లేదు. బ్యాటరీ, బ్రష్షులు, కేబుల్... అన్నీ అనవసరంగా కొన్నవే. చెడగొట్టింది నా మేకప్!

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పించారు. ఎడంచేత్తో పానా పట్టి జడ విప్పాను. ఉప్పుకాగితంతో రెండు చోట్లా రంగు గీకాను, రూపాయి బిళ్ళంత మేర, లోహం తళతళ మెరిసేదాకా. పళ్ళ వాషర్ వేసి బిగించాను. కాలిపోయిన చోక్ కేబుల్ తీసేసి, కార్బురేటర్ దగ్గర చోక్ చేత్తోనే పెట్టాను. తాళం నాన్నగారు తిప్పుతానన్నారు. డ్రైవరు సీట్లోకి ఎక్కడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. ఇంజను అందుకోడానికి అంతసేపు పట్టలేదు.

అమ్మ బకెట్ ఇంకా కింద పెట్టలేదు.

గురువారం కొత్త చోక్ కేబుల్ వేసి, వెనక లైట్ల వైర్లు నాన్నగారు కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఒక్కొక్కటే టెస్ట్ లాంపు పెట్టి సరిచేశాను. శుక్రవారం నేను నడిపాను, ఆయన పక్క సీట్లో. ఇన్‌స్పెక్టరుగారు లైట్లు వేయించారు, హారన్ కొట్టించారు, బ్రేకు చూశారు. చివరికి బానెట్ ఎత్తి, లోపలికి వొంగి, చాలాసేపు అలాగే వుండిపోయారు. నా గుండె చోక్ కేబుల్ అయిపోయింది.

"ఇంత పాత బండి... పెయింటింగ్ ఎవరి చేత చేయించారండీ? చాలా బాగుంది!" అన్నారు.

ముందు సీట్లో నాన్నగారికి దగ్గొచ్చింది.

బొబ్బ తగ్గుముఖం పట్టింది. మిగతా ఉత్తరాలకి జవాబులు వచ్చే వారం.