కరవమంటే కప్పకు కోపం

మన బ్రాంచ్‌లో పైథాన్ అంటే ఎవరికీ భయం లేదు, ల్యాబ్ ఎగ్జామ్ రోజు తప్ప. ఆ లాంగ్వేజ్‌కి పేరు పాము వల్ల రాలేదని, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం వల్ల వచ్చిందని ఫస్టియర్‌లోనే విన్నాం. ఈ వ్యాసం మాత్రం నిజం పైథాన్ గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, దాని భోజనం గురించి.

ఈమధ్య మన హాస్టల్ కబుర్లలో పెంపుడు పాముల మాట తరచుగా వస్తోంది. జాబ్ వచ్చాక ఫ్లాట్ తీసుకుని ఒక బాల్ పైథాన్ పెంచుకుంటా అనేవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్ళకి రంగులు తెలుసు, ధరలు తెలుసు, చేతికి చుట్టుకుంటే ఫొటో ఎలా వస్తుందో తెలుసు. "మరి తిండి?" అని అడిగితే మాత్రం "ఏదో ఒక ఎలుక పడేస్తే తింటుందిలే" అంటారు. ఆ "ఏదో ఒక" దగ్గరే నా గొడవంతా. ఏ ఎలుక? ఎంత సైజుది? ఎక్కడిది? బతికున్నదా, చచ్చినదా? ఎన్ని రోజులకి ఒకటి? వీటికి జవాబు లేనివాళ్ళు పాముని కొనకూడదని నా అభిప్రాయం. ముందు ఎర సంగతి తేలాలి, పాము సంగతి తర్వాత.

మొదలుపెట్టే ముందు చట్టం మాట ఒకటి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాముల్ని పట్టుకుని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అందులో చర్చ లేదు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ పెట్టే సైటిస్ జాబితాలో ఉంది. 2022లో మన చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం అలాంటి జంతువుని ఉంచుకున్నవాళ్ళు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాబట్టి "ఊళ్ళో దొరికింది, పెంచుకుంటున్నా" అనే మాట మర్చిపోండి.

ఇక తిండి. పాముల్లో శాకాహారి ఒక్కటీ లేదు. కానీ అన్నీ ఎలుకలే తింటాయనుకోవడం కూడా తప్పే. మన చుట్టూ ఉన్నవాటినే చూడండి. నీరుకట్టె చేపలూ కప్పలూ తింటుంది. జెర్రిపోతు ఎలుకలతో పాటు కప్పల్నీ వదలదు. పసిరిక పాముకి తొండలూ బల్లులూ ఇష్టం. రాచనాగు ముఖ్యంగా వేరే పాముల్ని తింటుంది. పూలకుండీల మట్టిలో కనిపించే వానపాములాంటి బుల్లి గుడ్డిపాము చీమల గుడ్లు, చెదల గుడ్లు తిని బతికేస్తుంది. ఆఫ్రికాలో పక్షి గుడ్లు తప్ప ఇంకేమీ ముట్టని పాము ఉంది. అంటే "పాముకి ఏం పెట్టాలి?" అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. ఏ పాము అన్నది తెలిశాకే జవాబు మొదలవుతుంది.

ఒక్కటి మాత్రం ఏ పాముకీ ఆహారం కాదు: పాలు. నాగుల చవితికి మా అమ్మమ్మ కూడా పుట్టలో పాలు పోస్తుంది. ఆవిడ భక్తిని నేను తప్పు పట్టను. కానీ పండగ రోజు బుట్టలో తెచ్చిన పాము పాలు తాగుతోందంటే, దాన్ని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఉంచారని అర్థం. అది దాహం, ఇష్టం కాదు. "పాముకి పాలు పోసి పెంచినట్టు" అని పాము విశ్వాసం లేనిదని తిడతాం గానీ, అసలు దానికి పడని తిండి పెట్టింది మనమే కదా!

ఇంట్లో పెంచే పాముల విషయంలో ఇలాంటిదే ఇంకో పొరపాటు అభిప్రాయం ఉంది: ఎలుక ఎందుకు, చికెన్ షాపు నుంచి బోన్‌లెస్ ముక్కలు తెచ్చి పెడితే చాలదా అని. చాలదు. పాము ఎరని మొత్తంగా మింగుతుంది. ఎముకల నుంచి కాల్షియం, కాలేయం నుంచి విటమిన్లు, మిగతా అవయవాల నుంచి ఇంకేవో అందుతాయి. ఉత్త కండ పెడితే కడుపు నిండుతుంది, ఒళ్ళు నిలబడదు. మెస్‌లో మూడు పూటలా తెల్లన్నం మాత్రమే పెడితే మనకెలా ఉంటుందో అలాగే.

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. ఎమ్మెస్ చదివేటప్పటి నుంచి ఒక కార్న్ స్నేక్‌ని పెంచుతోంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము అది, విషం లేదు, నెమ్మదైనది. నాకు తెలిసినదాంట్లో సగం అక్కతో వీడియో కాల్స్‌లో నేర్చుకున్నదే. మనం అన్నిటినీ ఎలుక అనేస్తాం గానీ, పాములు పెంచేవాళ్ళకి చిట్టెలుక వేరు, పెద్ద ఎలుక వేరు. కార్న్ స్నేక్‌కి జీవితాంతం చిట్టెలుకలు సరిపోతాయి. బాల్ పైథాన్‌కి పెద్దయ్యాక చిట్టెలుక ఒకటి ఏ మూలకీ రాదు. పైగా చిన్నప్పుడు చిట్టెలుకలకి అలవాటు పడితే తర్వాత పెద్ద ఎలుకని చూసి మొహం తిప్పేసుకునే మొండి ఘటాలు బాల్ పైథాన్లు. అలిగితే నెలల తరబడి తినకుండా ఉంటాయి. అందుకే మొదటి నుంచీ చిన్న ఎలుకపిల్లలతో అలవాటు చేయమంటారు.

సైజుకి ఒక లెక్క ఉంది. పాము ఒళ్ళు అన్నిటికంటే లావుగా ఉన్న చోట ఎంత మందం ఉందో, ఎర కూడా ఇంచుమించు అంతే ఉండాలి. గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన కార్న్ స్నేక్ పిల్లకి ఇంకా వెంట్రుకలు రాని గులాబీ రంగు చిట్టెలుక పిల్ల సరిపోతుంది. వాటినే పింకీలు అంటారు. పాము పెరిగేకొద్దీ ఎర సైజు పెరుగుతుంది. పిల్లపాముకి 5 నుంచి 7 రోజులకి ఒకటి, పెద్దదానికి 10 నుంచి 14 రోజులకి ఒకటి. "పెద్దది పెడితే నెలంతా చూసుకోనక్కర్లేదు" అనుకుంటే కుదరదు. ఎర మరీ పెద్దదైనా, పెట్టెలో వేడి తక్కువైనా, తిన్న వెంటనే చేతుల్లోకి తీసుకున్నా పాము కక్కేస్తుంది. అది దాని ఒంటికి చాలా దెబ్బ. అందుకే తిన్నాక కనీసం రెండు రోజులు దాన్ని ముట్టుకోరు.

ఇప్పుడు అసలు గొడవ: బతికున్న ఎరా, చచ్చిన ఎరా?

రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. గాజు పెట్టెలో పాము, మూలన ముడుచుకున్న తెల్ల ఎలుక, వెనకాల మాస్ బీజీఎం. కింద కామెంట్లలో "నేచర్ బ్రో" అని సర్టిఫికెట్లు. నేను దీన్ని ఒప్పుకోను. అడవిలో ఎలుకకి కలుగు ఉంటుంది, గడ్డి ఉంటుంది, పారిపోవడానికి నాలుగు దిక్కులూ ఉంటాయి. పాము చాలాసార్లు ఉత్త నోటితోనే తిరిగిపోతుంది. గాజు పెట్టెలో ఆ నాలుగు దిక్కులూ మనం మూసేశాం. అది ప్రకృతి కాదు, మనం పెట్టిన సెట్టింగ్.

సరే, ఎలుక మీద జాలి లేదనుకుందాం. పాము మీదైనా ఉండాలి కదా? ఎలుకకి పళ్ళున్నాయి. ప్రాణం మీదికొస్తే అది ఊరుకోదు. ఆకలి లేని పాముతో బతికున్న ఎలుకని రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి పాము ఒంటి మీద గాయాలు ఉండొచ్చు, కొన్నిసార్లు పామే పోవచ్చు. చంపి ఫ్రీజ్ చేసిన ఎలుక ఎవర్నీ కరవదు. దాన్ని ఫ్రిజ్‌లో కింద అరలో కరగనిచ్చి, తర్వాత వేడినీళ్ళలో పెట్టి వెచ్చబరిచి, పొడుగాటి పటకారుతో అందిస్తారు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, ఒకచోట ఉడికిపోయి ఒకచోట గడ్డగానే ఉంటుంది. బాల్ పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే చిన్న గుంటలుంటాయి. ఎర వెచ్చగా ఉంటే దాని దృష్టిలో అది బతికున్నట్టే. అంటే పాముకి కావలసింది వేట కాదు, వాసన, వెచ్చదనం, కాస్త కదలిక. వేట కావలసింది మన కెమెరాకి.

చచ్చిన ఎరని ఎంత ప్రయత్నించినా ముట్టని పాములు కొన్ని ఉంటాయి, నిజమే. అప్పుడైనా పక్కనే ఉండి చూడాలి, కొద్ది నిమిషాల్లో పట్టకపోతే ఎలుకని తీసేయాలి. వీడియో తీసి పోస్ట్ చేయాల్సిన అవసరం అప్పుడు కూడా లేదు. ఇంకోటి, చంపి ఫ్రీజ్ చేయడం అంటే బతికున్నదాన్ని తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పడేయడం కాదు. అది అన్నిటికంటే క్రూరం. అమెరికాలో పెద్ద సరఫరాదారులు సాధారణంగా కార్బన్ డయాక్సైడ్ వాయువుతో స్పృహ తప్పించి చంపుతారు. ఎర ఎలా చచ్చిందన్నది కూడా కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే.

మన దగ్గర చిక్కు ఇంకా పెద్దది. "మా ఇంట్లో ఎలుకలు బోలెడు, ఫ్రీగా దొరుకుతాయి" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఆ ఎలుక అంతకుముందు ఏం తిందో తెలుసా? పక్కింటివాళ్ళు పెట్టిన ఎలుకల మందు తిని ఉంటే, ఆ విషం ఎలుకతో ఆగదు, పాము దాకా వస్తుంది. మందు లేకపోయినా పురుగులూ రోగాలూ ఉంటాయి. ఎక్కడ నుంచి వచ్చిందో తెలియని డేటాని ప్రోగ్రామ్‌లోకి నేరుగా తీసుకోవద్దని మనకి చెప్తారు కదా, అదే రూల్ ఇక్కడ కూడా.

ఫ్రీజర్ సంగతి ఇంకో కథ. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఫ్రీజ్ చేసినంత మాత్రాన చావదు. ఇలాంటి ఫ్రీజ్ చేసిన ఎలుకల వల్ల మనుషులకి జబ్బులు వస్తే అమెరికా ఆరోగ్య సంస్థలు హెచ్చరికలు కూడా ఇచ్చాయి. అందుకే మనం తినేవాటితో కలిపి పెట్టొద్దంటారు. అక్క రూమ్‌మేట్స్‌కి ఈ విషయం తెలిసిన రోజు పెద్ద పంచాయితీ జరిగిందట. ఒక పక్క అమ్మ పంపిన కాకరకాయ కారం, గోంగూర, ఇంకో పక్క సీల్డ్ కవర్లో పింకీలు. చివరికి అక్క తన డబ్బుతో చిన్న ఫ్రీజర్ విడిగా కొనుక్కుంది. పాము ధర కంటే అదే ఎక్కువైందని ఇప్పటికీ నవ్వుతుంది. నాకు మాత్రం అది నవ్వులాట అనిపించలేదు. అలా కొనగలిగింది కాబట్టే తనకి పాముని పెంచే అర్హత ఉంది అనిపించింది.

ఇక ఒక లెక్క వేద్దాం. కార్న్ స్నేక్ మంచిగా చూసుకుంటే 20 ఏళ్ళ దాకా బతకగలదు. మొదటి ఏడాది వారానికి ఒకటి చొప్పున 52. తర్వాత 19 ఏళ్ళు రెండు వారాలకి ఒకటి చొప్పున 494. మొత్తం 546. ఒక పాముని కొనడం అంటే 546 ప్రాణాల మీద సంతకం పెట్టడం. "అయితే పాముని పెంచడమే పాపం" అని మన క్లబ్‌లోనే ఒకరు నాతో వాదించారు. ఆ వాదనని నేను కొట్టిపారేయను. అది గట్టి వాదనే. కానీ పిల్లికి పెట్టే ప్యాకెట్ ఫుడ్‌లో కూడా మాంసమే ఉంది, మనకి కనపడదంతే. పాముని పెంచేవాళ్ళకి ఆ సౌకర్యం లేదు. తోకతో సహా కనిపిస్తుంది. కనిపించినప్పుడు కళ్ళు మూసుకోకుండా, సరదా పడకుండా, చేయాల్సింది జాగ్రత్తగా చేయడమే బాధ్యత అని నేను అనుకుంటున్నా.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని మన సామెత. హెచ్‌ఓడీకీ క్లాసుకీ మధ్య నలిగే సీఆర్‌ని చూసినప్పుడల్లా వాడేస్తాం. పాముని పెంచేవాళ్ళ విషయంలో అది సామెత కాదు, ప్రతి రెండు వారాలకీ వచ్చే నిజం పని. అడవిలో కప్పకీ పాముకీ మధ్య ఎవరూ ఉండరు. పెట్టె కొన్న రోజు నుంచి ఆ మధ్యలో మనమే ఉంటాం. రెండిటి కోపాన్నీ మనమే మోయాలి. పాముకి దాని ఒంటికి సరిపడే ఎర అందాలి, ఎరకి అనవసరమైన భయం, నొప్పి ఉండకూడదు. ఈ రెండూ కుదిరే దారి ఉంది, కాస్త ఖర్చూ ఓపికా కావాలంతే. అవి లేనివాళ్ళు ఏం చేస్తారో కూడా లోకం చూసింది. అమెరికాలో ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో ఇప్పుడు బర్మీస్ పైథాన్లు పెరిగిపోయి అక్కడి జంతువుల్ని తినేస్తున్నాయి. అవన్నీ పెంపుడు వ్యాపారంలోంచి బయటపడ్డవాటి సంతతే.

నాకూ పాములంటే ఇష్టమే. అయినా ఇప్పట్లో పెంచను. మా ఇంట్లో గుడ్డు తేవాలన్నా అమ్మని ఒప్పించాలి. అలాంటి ఇంట్లో పింకీల కవర్ పెట్టి, నేను హాస్టల్‌కి వచ్చేస్తే రెండు వారాలకోసారి పటకారు పట్టుకునేది ఎవరు? నా ఇష్టం కోసం అమ్మని ఆ మధ్యలో నిలబెట్టే హక్కు నాకు లేదు.

మీకు అంత ఇష్టం ఉంటే ఒక చిన్న పరీక్ష చెప్తా. రంగులు, ధరలు చూడకముందే మీతో ఉండేవాళ్ళని అడగండి: ఇరవై ఏళ్ళ పాటు ఎలుకలు పెట్టుకోవడానికి ఇంట్లో విడిగా ఒక ఫ్రీజర్ పెట్టుకోనిస్తారా అని. వాళ్ళు ఏమంటారో, మీ జవాబు కూడా అదే.