మీట నొక్కు, చక్రం తిప్పు

సెలవులొస్తే మా హిందూపురంలో పిల్లోళ్ళను యాడికి తీసకపోదామన్నా తిరిగి తిరిగి అవే పేర్లు. లేపాక్షి, పుట్టపర్తి, పెనుకొండ కోట. అవి కాకుంటే బెంగుళూరులో ఏదో ఒక మాలు. లేపాక్షి అంటే నాకు ప్రాణం, దాని మాట ముందుకు పోయినాక చెప్తా. మాలుకు పోతే మాత్రం ఏముంటాది చెప్పండి? ఎస్కలేటరెక్కుతాము, దిగుతాము, ఐస్‌క్రీము తింటాము, వచ్చేస్తాము. అదే బెంగుళూరులో కస్తూరిబా రోడ్డు మీద, కబ్బన్ పార్కును ఆనుకొని ఇంకో చోటుంది. విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం. మొన్న దసరా సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ పోయొచ్చినాము. పిల్లోళ్ళ కంటే పెద్దోళ్ళే ఎక్కువ ఆడుకున్నారు, అందుకే మీతో చెప్పుకోవాలనిపించింది.

ఇంటిల్లిపాదీ అంటే మూడూళ్ళ జనం లెండి. ధర్మవరంలో మా అన్న, వదిన, వాళ్ళ పాప, మా అమ్మ బండెక్కినారు. వాళ్ళది పట్టుచీరల మగ్గం. పెనుకొండలో మా తమ్ముడు ఎక్కినాడు. ఎర్రమంచి దగ్గర కియా వచ్చినప్పటి నుంచి మా పక్క చానామంది పిల్లోళ్ళ మాదిరే వానికీ కార్ల పనే. హిందూపురంలో మేము. గౌరీబిదనూరు దాటకముందే చిత్రాన్నం డబ్బా తెరుచుకుంది. పెరుగన్నం, ఊరిబిండి మాత్రం పార్కులో తినేదానికని మా వదిన ఎవురినీ ముట్టనీలేదు. మెజెస్టిక్‌లో దిగి మెట్రో పర్పుల్ లైనెక్కితే కబ్బన్ పార్క్ స్టేషన్. అక్కడి నుంచి చెట్ల నీడనే నడుచుకుంటా పోవచ్చు.

గేటు దగ్గర పేరు చదివి మా అమ్మ అడిగింది, "ఎవురమ్మే ఈయన?" అని.

మనోళ్ళేనమ్మా అన్నాను. మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరులో ఉండే మోక్షగుండం మన ఆంధ్రలో గిద్దలూరు పక్కనుండే ఊరు. వాళ్ళ పెద్దోళ్ళు ఆడి నుంచి పోయి మైసూరు సీమలో స్థిరపడినారు. ఈయన పుట్టింది నందికొండల పక్కన ముద్దెనహళ్ళిలో. అంటే మన హిందూపురానికి ఇరుగుపొరుగే. కృష్ణరాజసాగరం డ్యామ్ కట్టించిన మనిషి. 1908లో మూసీ పొంగి హైదరాబాదు కొట్టుకపోతే నిజాం పిలిపించుకున్నది ఈయన్నే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఈయన చెప్పిన ఉపాయమే. 1955లో భారతరత్న ఇచ్చినారు. నూరేళ్ళు నిండినాక 1962 ఏప్రిల్‌లో పోయినారు. ఆ జులై 14న నెహ్రూ వచ్చి ఈ భవనాన్ని ప్రారంభించినారు. లోపల మొట్టమొదట, 1965లో, జనానికి తెరిచింది కరెంటు గురించిన గ్యాలరీ. మా అమ్మ అంతా విని, "అట్లయితే చూడాల్సిందే" అని ముందు నడిచింది.

లోపలికి పోతానే గర్జించే డైనోసారును చూసి చిన్నోడు నా కొంగు పట్టుకున్నాడు. దాన్ని దాటుకొని ఇంజన్ల హాలుకు పోయినాము. మేము ఎక్కువసేపు ఉన్నది అక్కడే. పెద్ద పెద్ద ఇంజన్లను అడ్డంగా కోసి, లోపల పేగులతో సహా కనపడేటట్లు పెట్టినారు. మీట నొక్కితే పిస్టన్లు మెల్లగా పైకీ కిందికీ ఆడతాయి. మా తమ్ముడు ఫ్యాక్టరీలో లైను మీద ఒక చోట నిలబడి పొద్దుగూకులూ ఒకే పని చేస్తాడు. ఒక భాగం బిగిస్తాడు, బండి ముందుకు పోతాది, ఇంకో బండి వస్తాది. ఇక్కడ వానికి ఇంజను మొత్తం ఒక్కసారిగా దొరికింది. పిల్లోళ్ళను చుట్టూ నిలబెట్టుకొని మీట నొక్కుతా చెప్పుకొచ్చినాడు. "చూడండి, పిస్టన్ కిందికి పోతే పెట్రోలు కలిసిన గాలిని పీలుస్తాది. పైకొస్తే దాన్ని నొక్కుతాది. అప్పుడు నిప్పురవ్వ తగిలి పేలుతాది, ఆ దెబ్బకు కిందికి పోతాది. మళ్ళా పైకొచ్చి పొగ వదులుతాది. పీల్చు, నొక్కు, పేల్చు, వదులు. నాలుగే మాటలు." పిల్లోళ్ళు మీట నొక్కడం, నలుగురూ కలిసి "పీల్చు, నొక్కు, పేల్చు, వదులు" అని అరవడం. పక్కనుండే కన్నడ పిల్లోళ్ళు కూడా వచ్చి కలిసినారు. వాడు పని గురించి అంత ఇష్టంగా మాట్లాడింది నేనెప్పుడూ వినలేదు.

రైట్ సోదరుల విమానం నమూనా కూడా ఉందక్కడ, అసలు దాని సైజులోనే. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది 12 సెకండ్లు. పోయింది 120 అడుగులు. పొద్దున మేమెక్కి వచ్చిన రైల్లో ఒకటిన్నర పెట్టె పొడుగంత. "అంతేనా!" అన్నాడు మా పెద్దోడు. అంతేరా, అంతతోనే మొదలైంది అన్నాడు వాళ్ళ మామ.

ఫన్ సైన్స్ గ్యాలరీలో మా అమ్మను పట్టుకోలేకపోయినాము. పెద్ద గిన్నె మాదిరి ఉండే పళ్ళెం ముందర నిలబడి గుసగుసగా మాట్లాడితే, దూరంగా ఎదురుపళ్ళెం దగ్గర ఉండేవాళ్ళకు చెవిలో చెప్పినట్లు వినపడతాది. మాట గాలిలో చెదిరిపోకుండా ఆ ఒంపు దాన్ని ఏరి ఒక చోటికి చేరుస్తాది. డిష్ యాంటెన్నా పనిచేసేది కూడా ఇట్లే. మా అమ్మకు ఈ మధ్య చెవులు కొంచెం మందం. ఇంట్లో పిల్లోళ్ళు ఆమెతో అరిచే మాట్లాడతారు. ఇక్కడ మనవరాలు గొంతు తగ్గించి, "అవ్వా, నీ సంచిలో చెనిక్కాయ చిక్కీ ఉందా?" అని అడిగింది. అవ్వకు టక్కున వినిపించింది. "ఉంది గానీ నీ తమ్మునికి చెప్పాకు" అని అంతే మెల్లగా జవాబిచ్చింది. ఇద్దరూ అట్లా ఎంతసేపు మాట్లాడుకున్నారో. వెనక వరసలో ఉండేవాళ్ళు కూడా నవ్వుకుంటా నిలబడినారే గానీ జరగమని అడగలేదు.

గాలిలో నిలబడే బంతి దగ్గర మా అన్న ఆగిపోయినాడు. కింది నుంచి గాలి కొడతాంటే బంతి పైన ఆడతా ఉంటాది, పక్కకు నెట్టినా పడదు. బంతి పక్కకు జరిగితే గాలి దాని గుండ్రటి ఒంటిని అంటుకొని పక్కకు మళ్ళుతాది. గాలి అటు మళ్ళినందుకు బంతి ఇటు, మధ్యకు వస్తాది. మా అన్న ఏమీ మాట్లాడకుండా దాన్ని తోస్తా, అది వెనక్కి వచ్చేది చూస్తా నిలబడినాడు.

ఇంక మా వదిన సంగతి. ఎలక్ట్రానిక్స్ హాల్లో మా పెద్దోడు ఆమెకు పాఠం మొదలుపెట్టినాడు. "అత్తా, కంప్యూటరుకు తెలిసింది రెండే. కరెంటు ఉంది, కరెంటు లేదు. ఒకటి, సున్నా. అన్నీ దాంతోనే." ఆమె విని, "మా అట్టల్లో ఉండేది అదే కదరా" అంది. వానికి అర్థం కాలేదు. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో టికెట్టును అట్ట మాదిరి పట్టుకొని చెప్పింది. మగ్గం పైన జకార్డు ఉంటాది. దాంట్లో బొక్కలు కొట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బొక్క ఉన్న చోట కొక్కెం లేచి పడుగు పోగును పైకెత్తుతాది, లేని చోట పోగు కిందనే ఉంటాది. లేచిన పోగుల కింద పేక పోతాది. ఆ పేకకు ఆ అట్ట. ఇట్లా అట్ట తర్వాత అట్ట పోతే అంచులో నెమలి దిగుతాది. "ఉంది, లేదు. నాకూ తెలిసింది రెండేరా" అంది.

వాడు నోరు తెరుచుకొని ఉండిపోయినాడు. నేనందుకొని మిగతా కథ చెప్పినాను. ఈ యంత్రాన్ని ఫ్రాన్సులో పట్టు నేసే లియాన్ ఊర్లో జకార్డ్ అనే ఆయన 1804లో తయారుచేసినాడు. దాన్ని చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలతో హుకుములు ఇవ్వాలనుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు తేల్చింది హోలరిత్ అనే ఆయన చేసిన బొక్కల కార్డులతోనే. కంప్యూటరు పుట్టక ముందు దాని బుద్ధి మగ్గం మీద కూర్చోనుంది. ధర్మవరంలో ఆ బుద్ధితో ఎన్ని ఇండ్లు బతుకుతాండాయో మీకందరికీ తెలుసు. ఇప్పుడు వాళ్ళు డిజైను కంప్యూటర్లో గీయించి అట్టలు కొట్టిస్తాండారు. అప్పు తీర్చినట్లుంది కంప్యూటరు.

పోయేవాళ్ళకు ఒక మాట చెప్తా. పొద్దున తొమ్మిదిన్నరకు తెరుస్తారు, అప్పటికే అక్కడుంటే మంచిది. అన్నీ చూసేయాలని మాత్రం పరిగెత్తించాకండి. "చూసినాం కదా, పద పద" అనే మాట ఆ రోజుకు ఇంట్లోనే పెట్టి రండి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అని ఒక సైన్సు మ్యూజియం ఉంది, 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ పెట్టింది. అణుబాంబు ఓపెన్‌హైమర్‌కు సొంత తమ్ముడు. ఈయన కొన్నేళ్ళు పశువులు మేపి, పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పిన మనిషి. పిల్లోడు వస్తువును తానే తిప్పి, తానే ప్రశ్న వేసుకోవాలని అంతా ఆ పద్ధతిలో కట్టించినాడు. ప్రశ్న పుట్టేదానికి టైము కావాల. ఒక హాల్లోనే పూట గడిచిపోయినా నష్టం లేదు. ఆకలైతే పార్కులో చెట్ల కింద కూర్చోండి. మా ఊరిబిండి అక్కడ ఖర్చయినంత సంతోషంగా ఇంట్లో ఎప్పుడూ ఖర్చు కాలేదు.

ఇప్పుడు లేపాక్షి. మరుసటి వారం పోయినప్పుడు వేలాడే స్తంభం కింద అందరూ తువ్వాలు దూరుస్తాంటే మా పెద్దోడు తలెత్తి పైన దూలాలను చూస్తాండాడు. "అమ్మా, దీని బరువు ఎవురు మోస్తాండారు?" అన్నాడు. నేను చిన్నప్పటి నుంచి ఆ స్తంభం కింద గుడ్డ లాగుతానే ఉన్నాను, తల మాత్రం పైకెత్తలేదు. ఆ ప్రశ్న బెంగుళూరులో మీటలు నొక్కినాక వచ్చిందని నా నమ్మకం.

మన వైపు ఇట్లాంటివి అసలే లేవని కాదు. తిరుపతిలో ప్రాంతీయ సైన్సు కేంద్రం 1993 నుంచి ఉంది, ఈ బెంగుళూరు మ్యూజియంకు పిల్ల లాంటిదే. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళది 172 ఎకరాల ఆవరణ, అక్కడి సైన్సు బండ్లు సర్కారు బడులకు పోతాయి. అయినా అవి మనకు దూరం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడి పిల్లోళ్ళు రైలెక్కి పొరుగు రాష్ట్రానికి పోతేనే గాని ఒక పిస్టన్‌ను ఆడించి చూడలేరు. రైలుకు, మెట్రోకు, టికెట్టుకు ఖర్చు పెట్టుకోలేని ఇండ్లెన్నో ఉన్నాయి. మగ్గం వదిలేస్తే ఆ రోజు కూలి పోయే ఇండ్లు.

మనకేం సరుకు తక్కువా? హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుంది. మంచి గూడైతే ఒక్కదాంట్లోనే కిలోమీటరు దాకా పోగు ఉంటాది. వేడినీళ్ళలో వేసి ఆ పోగును పిల్లోళ్ళ చేత తీయించొచ్చు. ధర్మవరం నుంచి ఒక జకార్డు మగ్గం తెచ్చి బొక్కల అట్ట వాళ్ళచేతనే కొట్టించొచ్చు. పెనుకొండ పక్కనే కార్లు తయారవుతాంటే కోసిపెట్టిన ఇంజను ఒకటి దొరకదా? లేపాక్షి స్తంభం నమూనా చేసి, బరువు ఎటు పోతాదో తూచి చూడనీయొచ్చు. చెప్పేదానికి మా వదిన లాంటోళ్ళు, మా తమ్ముని లాంటోళ్ళు ఊరినిండా ఉన్నారు. రాష్ట్రాలు అడిగితే, కేంద్రంతో ఖర్చు పంచుకొని సైన్సు కేంద్రాలు కట్టుకునే పథకం జాతీయ సైన్సు మ్యూజియంల మండలి దగ్గర ఉంది.

2022లో మనకు కొత్త జిల్లా వచ్చింది. సోమవారం సోమవారం పుట్టపర్తి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అయ్యవార్లు, అమ్మానాయన్లు పదిమంది కలిసి ఒక అర్జీ రాయండి, శ్రీ సత్యసాయి జిల్లాకు ఒక సైన్సు కేంద్రం కావాలని. నేనూ వస్తా.