గిటారునకు పెట్టెయా, గణకయంత్రమా?

గుంటూరు మొదలు ఒంగోలు వరకు గల నల్లరేగడి నేలలలో, ప్రత్తిచేలకును మిరపతోటలకును నడుమనున్న యే గ్రామమునకు బోయినను, ప్రార్థనామందిరమున హార్మోనియము, తబలా, తాళములు ఉండుట పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. ఇటీవల వాని ప్రక్కను కీబోర్డును, దాని వెంట విద్యుత్ గిటారును వచ్చి కూర్చున్నవి. పాఠశాల వార్షికోత్సవములలో సైతము గిటారు లేని పాటకు పిల్లలు చప్పట్లు గట్టిగా కొట్టుట లేదు. ఇందులకు కొందరు పెద్దలు నొచ్చుకొనుచున్నారు గాని మేము నొచ్చుకొనము. హార్మోనియము మాత్రము మన యూర పుట్టినదా? పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టి, కలకత్తాలో నేలపై గూర్చుండి చేతితో తిత్తి యూదుటకు వీలుగా మార్పబడి, పిదప మన యిండ్లకు వచ్చినది.

మా చింత వేరొకటి. మిరపకాయలు యార్డునకు జేరి నాలుగు రూపాయలు చేతికి వచ్చు దినములలో తలిదండ్రులు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మావాడు గిటారు మిషను కావాలంటున్నాడు. పెట్టె కొనమంటారా, మిషను కొనమంటారా?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నకు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా నోటిమాటగా చెప్పుటకంటె, అందరును చదువుకొనుటకు వీలుగా ఇచ్చట వ్రాయుట మేలని తోచినది.

ముందుగా విషయమెరుగని వారికి రెండు మాటలు. విద్యుత్ గిటారు తనంతట తాను గట్టిగా పలుకదు. తీగెల క్రిందనున్న అయస్కాంతపుచుట్టలో పుట్టు సన్నని విద్యుత్తును పెంచి స్పీకరు ద్వారా వినిపించు పెట్టెను ఆంప్లిఫయరందురు. పెట్టెకును గిటారునకును నడుమ, ధ్వనిని బొంగురుగానో ప్రతిధ్వనిగానో మార్చుటకు కాలితో నొక్కెడి చిన్నచిన్న డబ్బాలు పెడళ్లు. ఇది పాతమార్గము. ఈ పెట్టెలను, పెడళ్లను, స్పీకర్లను అన్నిటిని లెక్కలుగా మార్చి ఒక్క యంత్రమునందు ఇమిడ్చినది మోడలరు. ఇది క్రొత్తమార్గము. 1995లో జపానువారి రోలాండ్ సంస్థయు, 1998లో చిక్కుడుగింజ ఆకారముగల ఎర్రని పాడ్ యంత్రముతో అమెరికావారి లైన్ 6 సంస్థయు ఈ మార్గమును జనులకు పరిచయము చేసినవి. 2011లో జర్మనీవారి కెంపర్ యంత్రము వచ్చి, ఎదుటనున్న పెట్టెనే విని దాని నకలు దీసికొనుట ప్రారంభించినది.

పాతమార్గమువారి వాదమంతయు ఒక్క మాటపై నిలిచియున్నది: పెట్టె నిజము, యంత్రము అనుకరణము అని. మా సహోపాధ్యాయులలో ఒకరు ఈ మాటను మిక్కిలి పట్టుదలతో చెప్పుదురు. వారిపై మాకు గౌరవము గలదు గాని ఈ వాదమునందు బలము కానరాదు. ఏలయన, నిజమనుకొన్న పెట్టెల చరిత్రను త్రవ్వి చూడుడు. లండనునందు డ్రమ్ములు నేర్పుచు వాద్యముల దుకాణము నడుపుచున్న జిమ్ మార్షల్ అనువారు 1962లో తయారుచేయించిన మొదటి పెట్టె, అమెరికాలోని ఫెండర్ సంస్థవారి బాస్‌మన్ అను పెట్టెను జూచి కట్టినదే. నేడు ప్రపంచమంతయు దానినే అసలైన మార్షల్ ధ్వనియని మ్రొక్కుచున్నది. అట్లే జపానువారి ఐబనెజ్ సంస్థ 1970వ దశకము చివర వెలువరించిన ట్యూబ్ స్క్రీమర్ అను ఆకుపచ్చని పెడలును చూడుడు. ట్యూబనగా వాల్వు. ఆ వాల్వు దాని పేరిలో గలదు గాని కడుపులో లేదు. వాల్వు పెట్టె తన శక్తిని మించి పలికినపుడు వచ్చు జీరను చిల్లర విడిభాగములతో అనుకరించు డబ్బా యది. అనుకరణమే దోషమైనచో పెడళ్లన్నిటిని పారవేయవలసియుండును.

ఇంకొక చిత్రము. ఆ జీరధ్వనియే మొదట ఒక లోపము. 1961లో వెలువడిన యొక అమెరికా పాటను ముద్రించునపుడు నాష్‌విల్ నగరమున ధ్వనియంత్రములోని యొక భాగము చెడిపోయి, వాద్యము తుమ్మెద ఝుంకారమువలె వినవచ్చినది. దానిని దిద్దుటకు మారుగా, ఆ ధ్వనియంత్రకారుడే అట్టి ధ్వని నిచ్చు ఉపకరణమును కల్పించెను. అది 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అంగడికి వచ్చినది. కావున, మోడలరు నేడు లెక్కలు వేసి మిక్కిలి శ్రద్ధతో అనుకరించుచున్నది, ఒకనాడు చెడిపోయిన పరికరముయొక్క దగ్గును!

సంగీతమున ఏది శుద్ధము, ఏది కాదు అను తగవులు మన దేశమునకును క్రొత్తవి గావు. మన నాటక సమాజములకు హార్మోనియము ప్రాణమైయున్న దినములలోనే, అది గమకములు పలుకదను కారణమున ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి, 1971 వరకు తలుపులు మూసివైచినది. పద్యనాటకములాడు మనవారెవ్వరును ఆ కారణమున హార్మోనియమును కట్టిపెట్టలేదు. మరి గమకములు పలుకునట్లు పాశ్చాత్య వాద్యమును లొంగదీసినవాడు మన తెలుగుబిడ్డయే. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో పరమపదించిన మాండలిన్ శ్రీనివాస్, మాండలినునకు జంటతీగెలు తీసివేసి ఐదు ఒంటితీగెలు కట్టి, దానిని విద్యుత్తుతో పలికించి, కర్ణాటక సంగీతమును వాయించిరి. మామూలు మాండలినుపై స్వరము మీటినంతనే అణగిపోవును. విద్యుత్తు తోడైనపుడే అది నిలిచి, గమకమునకు చోటిచ్చును. దీనినిబట్టి ధ్వనిని పెంచు పెట్టె కేవలము బిగ్గరగా వినిపించుటకు మాత్రమే గాదనియు, అది వాద్యములో ఒక యంగమేయనియు విద్యార్థులు గ్రహింపవలెను. అందుచేతనే దాని యెన్నిక చిన్న విషయము గాదు.

క్రొత్తమార్గముపై మరియొక యాక్షేపణ గలదు: లెక్క వేయుటకు యంత్రమునకు కాలము పట్టును గనుక, మీటిన క్షణముననే ధ్వని రాదని. ఇది భౌతికశాస్త్రము చదువు పిల్లలు తామే తేల్చుకొనదగిన ప్రశ్న. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. పెట్టెకు మూడు మీటర్ల దూరమున నిలిచినవానికి ధ్వని చేరుటకు సెకనులో వేయింట తొమ్మిది వంతులు పట్టును. మంచి మోడలరు తీసికొను కాలము అంతకంటె తక్కువ. మూడు మీటర్ల దూరమును ఆక్షేపింపనివారు దీనిని ఆక్షేపించుట న్యాయము గాదు.

ఇక మన ప్రాంతపు స్థితిగతులకు వత్తము. అసలు తీర్పు చెప్పవలసినవి ఇవియే. మన పిల్లలు వాయించునది లండను నగరపు సభాశాలలలో గాదు. గ్రామమున పందిరి వేసిన బహిరంగ కూటములలో, క్రిస్మసు కార్యక్రమములలో, పాఠశాల ప్రాంగణములలో. అచ్చట ధ్వని యంతయు మైకుసెట్టువాని చేతిలో నుండును. అతని యొద్ద గాయకులకే మైకులు చాలవు. గిటారు పెట్టె ముందు మైకు నిలుపుమనిన నవ్వును. వైరు నిచ్చి, "ఇందులో పెట్టండి" అనును. పెడలునుండి వైరు తిన్నగా అతని యంత్రమునకు తగిలించినచో ఏమగును? గిటారు పెట్టెలోని స్పీకరు సెకనునకు అయిదువేల కంపనములు దాటిన ధ్వనులను చాలవరకు మ్రింగివైచును. ఆ స్పీకరు నడుమ లేనపుడు జీరధ్వని రంపపుకోతయై పందిరి యంతయు నిండును. ఆ కోత వినిన సంఘపు పెద్దలు గిటారునే వలదనుట మేమెరుగుదుము. తప్పు గిటారుది గాదు, వాయించిన పిల్లవానిది గాదు. మోడలరులో స్పీకరుయొక్క గుణము కూడ లెక్కగా నుండును గనుక, మైకుసెట్టువాని వైరునకు అది చక్కగా నమరును.

బరువు సంగతియు చూడవలెను. ఫెండర్ వారి ట్విన్ రివర్బ్ అను వాల్వు పెట్టె సుమారు 29 కిలోలు. అనగా మిరపకాయల టిక్కీలో సగమునకు మించిన బరువు. 2019లో ఆ సంస్థవారే అదే రూపున, అదే పేరున, లోపల వాల్వులకు మారు గణకమును పెట్టి సుమారు 15 కిలోలకు దించిరి. అసలు పెట్టెలు చేసినవారే నకలు చేయుచుండగా మనము శుద్ధాశుద్ధములకై తగవులాడుట యెందులకు? పల్లెవెలుగు బస్సులో పోవలసిన బాలునకు ఒక సంచిలో ఇముడు మోడలరునకును, ఇద్దరు మోయవలసిన పెట్టెకును గల భేదము ఎవరును చెప్పనక్కరలేదు. బాలికలకు ఇది మరింత ముఖ్యము. మన బాలికలలో కీబోర్డు వాయించువారు అనేకులుండగా గిటారు వాయించువారు అరుదుగా నుండుటకు, సామానంతయు మగపిల్లల చేతిలో నుండుటయు ఒక కారణమని మేము చాలకాలమునుండి గమనించుచున్నాము. తన సంచి తాను మోసికొనిపోగలిగిన బాలిక ఎవరి దయకును కాచుకొనియుండదు.

వాల్వు పెట్టె విషయమున మా యభిప్రాయము కఠినము. మన పాఠశాలలకు అది వలదు. దానిలో మూడువందల వోల్టులకు మించిన విద్యుత్తు ఆడుచుండును. ప్లగ్గు తీసిన పిదప సైతము లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన శక్తి నిలిచియుండవచ్చును. మూత తీసి చూడవలెనను కుతూహలము లేని బాలుని మేమింతవరకు చూడలేదు. అదిగాక వాల్వులు నేడు రష్యా, చైనా, స్లోవాకియా దేశములలోని కొలది కార్ఖానాలనుండియే ముఖ్యముగా వచ్చుచున్నవి. 2022లో యుద్ధము వచ్చి రష్యా ఎగుమతులకు అడ్డు తగిలినపుడు వాని వెల యొక్కసారిగా పెరిగినది. ఎక్కడనో జరుగు యుద్ధమున మన ప్రార్థనలోని గిటారు మూగవోవలసిన పని యేమి?

ఇంతవరకు చదివినవారు మేము మోడలరు పక్షమని తలంతురు. కచేరీకి అవును. నేర్చుకొనుటకు కాదు.

మోడలరు తెరపై వందలకొలది పెట్టెల పేర్లు, పెడళ్ల బొమ్మలు ఉండును. నేర్చుకొను పిల్లవాడు వాయించుటకు గూర్చుండి, గంటసేపు ధ్వనులు మార్చుచు, రెండు నిమిషములు మాత్రమే తీగె మీటును. ప్రతి క్రొత్త ధ్వనియు అతనికి తాను క్రొత్త విద్య నేర్చినట్లు తోపించును. ఒక తండ్రి ప్రత్తి యమ్మిన సొమ్ములో పెద్దభాగము వెచ్చించి కుమారునకు అట్టి యంత్రమును కొనియిచ్చెను. సంవత్సరము గడచిన పిదప ఆ బాలుడు ఏ ప్రఖ్యాతుని ధ్వనియైనను క్షణములో చూపగలిగెను గాని, పురుషోత్తము చౌదరిగారి కీర్తన నొకదానిని తాళము తప్పక చివరివరకు వాయింపలేకపోయెను. ఆ తండ్రి మమ్ము ఏమియు అనలేదు. వింటూ ఊరకుండెను. ఆ మౌనము మాకు నేటికిని గుచ్చుకొనుచునేయున్నది.

జీరధ్వని తప్పులను కప్పును. మూడు స్వరములను కలిపి మీటినపుడు, జీర యెక్కువైనకొలది ఆ స్వరముల కూడికలును తీసివేతలును క్రొత్త ధ్వనులై పుట్టి, యే వ్రేలు తప్పినదో తెలియకుండ చేయును. మన కీర్తనలలో అనేకములు కర్ణాటక రాగములలో పాడబడుచున్నవి. గాంధారము ఒక్కింత జారినను రాగమే మారును. కావున ఒక చిన్న ట్రాన్సిస్టరు పెట్టె, ఒక స్పీకరు, ఏ యలంకారమును లేని తేటధ్వని: మొదటి రెండేండ్లకు ఇవి చాలును. అట్టి పెట్టె కొన్నివేల రూపాయలలో దొరకును. పేరుమోసిన మోడలర్లలో లక్షరూపాయలు దాటునవి కలవు. ఆ భేదమునకు ఎన్ని క్వింటాళ్ల ప్రత్తి అమ్మవలెనో ఇంటివారే లెక్కవేసికొందురు గాక.

మరమ్మతు మాటయు మరువరాదు. మన వేసవియెండ, ఎగుడుదిగుడు కరెంటు, కళ్లములనుండి లేచు మిరపధూళి ఏ వస్తువును క్షమింపవు. పెడలు చెడినచో విప్పి, నల్లబడిన సాకెట్టును తుడిచి, విరిగిన స్విచ్చిని మార్చి సోల్డరు పెట్టగల రేడియో మెకానిక్కు మన ప్రతి పట్టణమున నున్నాడు. బాస్ సంస్థవారి డీఎస్-1 అను నారింజరంగు పెడలు 1978లో వచ్చినది, నేటికిని అమ్ముడుపోవుచునేయున్నది. మోడలరులోని పలక చెడినచో మెకానిక్కు చేతులెత్తివేయును. దానిని తయారుచేసినవారే కొన్నాళ్లకు క్రొత్తరకమును అమ్మజొచ్చి పాతదానిని మరతురు. అందువలన దానిని ఇంటింటికి కొనరాదు. పాఠశాలకు ఒక్కటి, మధ్యరకపు వెలలో, స్టెబిలైజరుతో సహా, అందరి సొత్తుగా కొనవలెను. బీరువా తాళపుచెవి సంగీతము నేర్పువారియొద్ద నుండవలెను. కచేరీకి ముందు వారమున బాలురును బాలికలును వంతులవారిగా దానిని పట్టుకొని, కావలసిన ధ్వనులు మూడో నాలుగో యెంచి, తక్కినవానిని ముట్టకుండుట మంచిది.

దుకాణమునకు పోవు తలిదండ్రులకు ఒక మాట. అమ్మువాడు మొట్టమొదట మిక్కిలి భీకరమైన జీరధ్వనిని వినిపించును. పిల్లవాని కన్నులు మెరయును. అప్పుడు ఆ యలంకారములన్నిటిని ఆపివేయుమని యడుగుడు. పిల్లవానిచేత తనకు వచ్చిన కీర్తన నొకదానిని తేటధ్వనితో, తొందరలేక, మొదటినుండి తుదివరకు వాయింపించి, మూడు మీటర్ల దూరమున నిలిచి వినుడు. పాట తెలిసినచో, వెల యడుగవచ్చును.