ఓటి మద్దెల ఎక్కడికి పోయింది?

గుండెకు ఇంకో అంగుళం దూరం ఉందనగా ఆగిపోయిన ఒక తూటా ముప్పై ఏళ్లలో అమెరికా ఎఫ్‌బీఐ చేత మూడుసార్లు తుపాకులు మార్పించింది. 1986 ఏప్రిల్ 11న ఫ్లోరిడాలో, మయామీ పక్కన, ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగల కారును అడ్డగించారు. ఐదు నిమిషాలైనా పట్టని కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి 9 ఎంఎం తూటా ముందే తగిలింది. చేతిని చీల్చుకుని, ఊపిరితిత్తిలోకి దిగి, గుండెను చేరకుండా నిలిచిపోయింది. వాడు ఆ గాయంతోనే ఏజెంట్లిద్దరి ప్రాణాలు తీసి, ఆ తరువాత చచ్చాడు.

విచారణ జరిగింది. దోషి దొరికింది. తూటా.

ఆ రోజు ఇంకేం జరిగిందో చూడండి. వాడి చేతిలో ఉన్నది రైఫిల్. ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గరున్నవి రివాల్వర్లు. పెద్ద తుపాకులున్న సహోద్యోగులు వేరే కార్లలో, వేరే వీధుల్లో ఉన్నారు. కార్లు గుద్దుకున్న ఊపుకు ఒక ఏజెంటు కళ్లద్దాలు, ఇంకొకరి రివాల్వర్ ఎగిరిపోయాయి. పథకం, సమన్వయం, అదృష్టం అన్నీ ఒకేసారి చెయ్యిచ్చాయి. కాకపోతే వీటన్నిటిలో టెండరు పిలిచి మార్చదగ్గ వస్తువు తూటా ఒక్కటే. ఆడలేక మద్దెల ఓడు అనే మాట మనదే అయినా, దాన్ని ప్రభుత్వ విధానంగా ఆచరించి చూపింది వాళ్లు.

పోలీసు పిస్టల్ ఎంపిక శుద్ధ సాంకేతిక వ్యవహారమనీ, నిపుణులు శాస్త్రీయంగా పరీక్షించి మేలైనది తెస్తారనీ, పాతదాన్ని మార్పిడికిచ్చి ప్రజల డబ్బు ఆదా చేస్తారనీ ఒక నమ్మకం బలంగా ఉంది. అమెరికాలో పార్టీలకతీతంగా ఉంది. అక్కడి పోలీసు అంటే క్రమశిక్షణ, సరంజామా అని ముచ్చటపడే మన వాళ్లలోనూ ఉంది. ఈ నమ్మకంలో మొదటి సగం అతిశయోక్తి, రెండో సగం ప్రమాదకరం అని నా అభియోగం.

పరీక్షలు ఉత్తవని అనను. మయామీ తరువాత ఎఫ్‌బీఐ తయారుచేసిన పద్ధతి మంచిదే. మనిషి కండను పోలిన జెలటిన్ దిమ్మలోకి తూటా కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు; మందపాటి బట్టలు, ప్లైవుడ్, కారు అద్దం అడ్డం పెట్టినా అంతే. దీనివల్ల తూటాలు నిజంగానే మెరుగయ్యాయి. కానీ తుపాకీ ఎంపిక దగ్గరికొచ్చేసరికి కథ వేరు. ముందు 10 ఎంఎం అన్నారు. అది చేతిని తన్నేసే తన్నుకు చాలామంది ఏజెంట్లు తట్టుకోలేకపోయారు. మందు తగ్గించి కాల్చారు. తగ్గించిన మందుకు అంత పొడుగు తూటా ఎందుకని 1990లో .40 కొలత తూటా వచ్చింది. ఎఫ్‌బీఐ 1997లో .40 గ్లాక్ పిస్టళ్లు తీసుకుంది, దేశమంతా ఆ దారే పట్టింది. 2014లో అదే ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం తీరిగ్గా తేల్చిందేమిటంటే, 9 ఎంఎం చాలు. దాంతోనే ఎక్కువమంది వేగంగా, గురిగా కాలుస్తున్నారు. 2016లో 9 ఎంఎం గ్లాక్‌లకు కాంట్రాక్టు ఇచ్చారు. ఏ కొలతను నిందించి బయల్దేరారో తిరిగి తిరిగి ఆ కొలత దగ్గరికే వచ్చారు. ఈలోగా తూటా మెరుగైన మాట నిజమే. దానికి ప్రతిసారీ పిస్టల్, మేగజైన్లు, హోల్‌స్టర్ కొత్తవి కొనాలా?

ఆ 2014 పత్రంలోనే ఇంకో మాట ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. కాల్పుల్లో పోలీసులు పేల్చే తూటాల్లో 70 నుంచి 80 శాతం గురి తప్పుతాయట. న్యూయార్క్ పోలీసుల మీద 2008లో ర్యాండ్ సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, 1998 నుంచి 2006 దాకా ఎదురుకాల్పుల్లో తగిలినవి సగటున 18 శాతం. అంటే వందకు ఎనభై రెండు గోడలకో, కార్లకో, దారిన పోయేవాళ్లకో. తగలని తూటా 9 అయితేనేం, .40 అయితేనేం?

న్యూయార్క్ ఇంకో చిత్రం చేసింది. రివాల్వర్ల నుంచి గ్లాక్‌లకు మారేటప్పుడు, పొరపాటున పేలతాయన్న భయంతో ట్రిగ్గర్ లాగడానికి 12 పౌండ్ల బలం పట్టేలా గట్టి స్ప్రింగు వేయించింది. మామూలు గ్లాక్‌కు అందులో సగం కన్నా తక్కువ చాలు. శిక్షణతో నేర్పాల్సిన నిగ్రహాన్ని స్ప్రింగుతో కొనుక్కున్నారన్నమాట. అంత గట్టి ట్రిగ్గర్‌ను లాగుతుంటే గొట్టం పక్కకు జరుగుతుంది, గురి చెడుతుంది. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 తూటాలు కాల్చారు. హంతకుడు చచ్చాడు. ఆ తూటాలూ వాటి ముక్కలూ తగిలి తొమ్మిది మంది బాటసారులు గాయపడ్డారు. తప్పంతా స్ప్రింగుదేనంటే నేనూ మద్దెలను తిట్టినట్టే అవుతుంది. నిగ్రహం మాత్రం స్ప్రింగులోంచి రాలేదు.

అమెరికాలో పోలీసు విభాగాలు సుమారు 18 వేలు. వాటిలో చాలావాటికి జెలటిన్ దిమ్మలూ లేవు, ప్రయోగశాలలూ లేవు. ఎఫ్‌బీఐ ఏది కొంటే అది, పక్క కౌంటీ ఏది కొంటే అది. ఇది శాస్త్రం కాదు, గొర్రెదాటు. ఈ దాటుడుకు డబ్బెక్కడిది? ఇక్కడే అసలు కిటుకుంది.

మన వీధుల్లోకి ఒకప్పుడు పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే అమ్మి వచ్చేది. పిస్టళ్ల కంపెనీలదీ, డీలర్లదీ సరిగ్గా ఆ బేరమే. పాతవి మాకివ్వండి, లెక్క కట్టి కొత్తవాటి ధరలో తగ్గిస్తాం. కౌన్సిల్ సమావేశంలో దాన్ని పొదుపుగా చదివి వినిపిస్తారు, సభ్యులు తలలూపుతారు. పాత చీర తరువాత ఏమైందో మనం అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. ఇక్కడ అడగాలి. డీలర్ ఆ పిస్టల్‌ను మామూలు జనానికి అమ్ముతాడు. ‘పోలీసులు వాడినది’ అన్న ముద్ర అక్కడ ప్రకటనల్లో గొప్ప ఆకర్షణ. మోసిందే ఎక్కువ, కాల్చింది తక్కువ, ధర చవక.

2024లో ది ట్రేస్, రివీల్, సీబీఎస్ వార్తాసంస్థలు కలిసి ప్రభుత్వ లెక్కలు బయటికి తీశాయి. 2006 నుంచి నేరాల్లో దొరికిన తుపాకుల్లో 52 వేలకు పైగా ఒకప్పుడు పోలీసులవే. న్యూ ఆర్లీన్స్ సంగతి మరీ వింత. నేరాలకు మీరే కారణమని 1998లో తుపాకీ కంపెనీల మీద దావా వేసిన తొలి అమెరికన్ నగరం అదే. అంతకు ముందే తన పోలీసు శాఖ పాత పిస్టళ్లతోబాటు, నేరస్థుల దగ్గర పట్టుకున్న వేల తుపాకులను కూడా ఇచ్చి కొత్త గ్లాక్‌లు తెచ్చుకుంది. నేరగాడి చేతిలోంచి లాక్కున్నదాన్నే మళ్లీ బజారుకు పంపిన ఘనత. అక్కడి చాలా నగరాల్లో తుపాకీ తెచ్చి అప్పగిస్తే గిఫ్ట్ కార్డు ఇచ్చే శిబిరాలు నడుస్తాయి. ముందు గుమ్మంలో కొనడం, పెరటి గుమ్మంలో అమ్మడం.

సమర్థించేవాళ్ల మాటా విందాం. డీలర్ నేరచరిత్ర చూసే అమ్ముతాడు కదా అంటారు. చూస్తాడు, మొదటి కొనుగోలుదారుడిది. వాడు ఇంకొకడికి అమ్మేటప్పుడు చాలా రాష్ట్రాల్లో చూసే దిక్కు లేదు. మేం అమ్మకపోతే కంపెనీ ఇంకోటి తయారుచేస్తుంది కదా అన్నది రెండో వాదం. చేస్తుంది, దాని ధరకు అమ్ముతుంది. చవకబారు బేరం పెట్టింది మీరు. నాశనం చేయిస్తాం అనే శాఖల కథలోనూ మెలిక ఉంది. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ప్రధాన చట్రం ఒక్కటే. దాన్ని నలిపి, మిగతా భాగాలన్నీ కిట్లుగా అమ్ముకున్న సంస్థల సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది.

ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిది కావచ్చు. సిగ్ కంపెనీ పి320 పిస్టల్ ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతోందని ఫిర్యాదులు రావడంతో, 2022లో మిల్వాకీ నగర పోలీసు శాఖ వాటిని తీసేసి గ్లాక్‌లు తెచ్చుకుంటామంది. కంపెనీ తప్పేమీ లేదంటుంది, కోర్టుల్లో కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. నిజం ఎటున్నా, పోలీసు నడుముకు పనికిరాదనుకున్న పిస్టల్ దుకాణం అద్దాల బీరువాకు ఏ న్యాయాన పనికొస్తుందో ఏ టెండరు పత్రం చెబుతుంది?

మనకెందుకీ గోల అనుకోకండి. అక్కడి పెట్రోలు బంకుల్లో, రాత్రి దుకాణాల్లో కౌంటరు వెనక నిలబడే పిల్లల్లో మన ఊళ్ల వాళ్లున్నారు, కాల్పుల్లో పోయినవాళ్లున్నారు. పోలీసు కొనుగోళ్లలో మనం ఆదర్శమనీ అనను; మొదటి ప్రపంచయుద్ధం నాటి .303 రైఫిళ్లను ఉత్తరప్రదేశ్ పోలీసులు వదిలింది 2020లో. కానీ 9 ఎంఎం పిస్టల్ ఇక్కడ నిషేధిత బోర్. ఠాణాలో పాతబడినది మామూలు లైసెన్సుదారు చేతికి రాదు.

అమెరికాలో అలా కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్మోపొలిస్ అని చిన్న ఊరు. అక్కడి పోలీసు శాఖ ఒక బుల్లి గ్లాక్ కొని, చిన్నదైపోయిందని మార్చుకుంది. ఆ పిస్టల్ చేతులు మారి మారి, కొనే హక్కే లేని ఒక నేరస్థుడికి చేరింది. 1999 ఆగస్టు 10న లాస్ ఏంజెలస్‌లో వాడు యూదుల కేంద్రంలో పిల్లల మీద కాల్పులు జరిపి, పారిపోతూ ఆ గ్లాక్‌తో ఒక పోస్టల్ ఉద్యోగిని చంపాడు. కుటుంబం గ్లాక్ మీద దావా వేసింది. కేసు నడుస్తుండగానే 2005లో తుపాకీ కంపెనీలకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది, గ్లాక్ బయటపడింది. చిన్నదైపోయిన పిస్టల్ బదులు కాస్మోపొలిస్ పోలీసులకు వేరే మోడల్ దక్కింది.